మీ కంప్యూటర్ ఎక్కడ ఆగుతోంది?

తెనాలిలో మా మేనల్లుడికి ఒక ఫొటో స్టూడియో ఉంది. మాఘమాసం వచ్చిందంటే వాడికి కంటి మీద కునుకుండదు. పగలంతా పెళ్లి మండపాల్లో కెమెరా, రాత్రంతా స్టూడియోలో ఎడిటింగ్. పోయిన సీజన్‌లో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు.

“మామయ్యా, ఈ కంప్యూటర్‌తో ఇక నావల్ల కాదు. టైమ్‌లైన్ మీద వీడియో ప్లే చేస్తే రెండు సెకన్లకోసారి ఆగిపోతోంది. హైదరాబాద్‌లో మా ఫ్రెండ్ వాళ్ల ఆఫీసులో 64 కోర్ల మెషీన్ ఉంది. అప్పయినా చేసి అదే కొనేస్తా.”

“తొందరపడకురా. ఆదివారం నేనొస్తున్నా. నీ మెషీన్ ఎక్కడ ఆగుతోందో చూసి, తర్వాత కొనే సంగతి మాట్లాడుకుందాం” అన్నాను.

వాడొక్కడే కాదు, పని కోసం డెస్క్‌టాప్ కొనే చాలామంది ఈ కూడలి దగ్గరకు వచ్చి నిలబడతారు. ఒకవైపు అందరూ కొనే మెయిన్‌స్ట్రీమ్ ప్రాసెసర్లున్నాయి. ఇంటెల్ కోర్, ఏఎండీ రైజెన్ ఆ కోవలోవి. రెండోవైపు హై ఎండ్ డెస్క్‌టాప్, పొట్టిగా హెచ్ఈడీటీ. ఇవాళ ఆ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఏఎండీ థ్రెడ్‌రిప్పర్. ఇక్కడ మనం ఎంచుకుంటున్నది ఒక్క చిప్పును కాదు, మొత్తం ప్లాట్‌ఫామ్‌ను. సాకెట్, మదర్‌బోర్డు, ర్యామ్ రకం, కూలర్, పవర్ సప్లై అన్నీ ఆ ఎంపికను బట్టే వస్తాయి. చిప్పు మార్చడం ఇంట్లో బీరువా మార్చినంత పని. ప్లాట్‌ఫామ్ మార్చడమంటే ఇల్లు మారడమే.

ఒకే ధర, రెండు సాకెట్లు

ఈ చిక్కు ఎప్పుడు మొదలైందో తెలిస్తే ఇవాళ్టి తేడా తేలిగ్గా అర్థమవుతుంది. 2008 నవంబరులో ఇంటెల్ కోర్ ఐ7-920 వచ్చింది. ధర 284 డాలర్లు. సాకెట్‌లో 1366 కాంటాక్టులు, ర్యామ్‌కు మూడు ఛానెళ్లు. 2009 సెప్టెంబరులో అదే 284 డాలర్లకు కోర్ ఐ7-860 వచ్చింది. దీనికి 1156 కాంటాక్టులు, ర్యామ్‌కు రెండే ఛానెళ్లు. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 16 లేన్లు నేరుగా చిప్పులోంచే బయటికి వచ్చాయి. రెండింటికీ నాలుగేసి కోర్లే, రెండింటి పేరూ ఐ7. ఏది కొనాలో తెలియక ఆనాడు జనం తలపట్టుకున్నారు.

తేడా ఆ కాంటాక్టుల సంఖ్యలోనే ఉంది. సాకెట్‌లో ఉండే ప్రతి సన్నని లోహపు ముక్కా ఒక దారి. కొన్ని కరెంటు తెస్తాయి. మిగిలినవి ర్యామ్‌తో, గ్రాఫిక్స్ కార్డుతో, ఎస్ఎస్‌డీతో మాట్లాడతాయి. పెద్ద సాకెట్ అంటే ఎక్కువ దారులు. మొదటి రోజు నుంచీ హెచ్ఈడీటీ అసలు బలం అదే.

ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఈ సంగతి మరుగున పడింది. ఎక్కువ కోర్లు కూడా పెద్ద సాకెట్‌లోనే దొరకడం అందుకు కారణం. 2014లో ఎనిమిది కోర్ల కోర్ ఐ7-5960ఎక్స్ కావాలంటే 999 డాలర్లు పెట్టాలి. అప్పటికి మెయిన్‌స్ట్రీమ్ ఐ7లో ఉన్నవి నాలుగు. 2016లో పది కోర్ల 6950ఎక్స్ ధర 1,723 డాలర్లు. దాంతో హెచ్ఈడీటీ అంటే ఎక్కువ కోర్లనే అభిప్రాయం జనంలో స్థిరపడిపోయింది.

2017 మార్చిలో ఏఎండీ రైజెన్ 7 1700తో లెక్క మారింది. ఎనిమిది కోర్లు, 329 డాలర్లు, మామూలు ఏఎం4 సాకెట్. ఆ ఆగస్టులోనే 16 కోర్ల థ్రెడ్‌రిప్పర్ 1950ఎక్స్ 999 డాలర్లకు వచ్చింది. రెండేళ్లు గడిచేసరికి, 2019 నవంబరులో, అవే 16 కోర్లు రైజెన్ 9 3950ఎక్స్ రూపంలో 749 డాలర్లకు మామూలు ఏఎం4 బోర్డులోకి దిగాయి. అదే నెల ఇంటెల్ 18 కోర్ల 10980ఎక్స్ఈని 979 డాలర్లకు తెచ్చింది. దాని ముందు తరం 18 కోర్ల చిప్పు ధర 1,979 డాలర్లు. ధర సగానికి పడిపోయింది, కోర్ ఎక్స్ వరుస కూడా ఆ చిప్పుతోనే ఆగిపోయింది.

అంటే ఇవాళ 16 కోర్ల వరకూ కావలసినవాళ్లు పెద్ద సాకెట్ వైపు చూడనక్కర్లేదు. కోర్ల ఆకర్షణ పక్కకు తీశాక హెచ్ఈడీటీకి మిగిలింది మొదట్నుంచీ ఉన్న ఆ దారుల బలమే. కాబట్టి కొనబోయేవాళ్లు మొదట వేసుకోవలసిన ప్రశ్న: నా పనికి ఎన్ని దారులు కావాలి?

వంటవాళ్లు, ఉగ్రాణం

పెళ్లి వంటశాలను ఊహించుకోండి. వంటవాళ్లే ప్రాసెసర్ కోర్లు. బియ్యం, పప్పులు, నూనె డబ్బాలు ఉండే ఉగ్రాణం ర్యామ్. ఆ గదికి రెండు గుమ్మాలుంటే ఒకసారికి ఇద్దరే సరుకు తేగలరు. పదహారు మంది వంటవాళ్లకు సరుకు అందుతుందా లేదా అన్నది వంటను బట్టి ఉంటుంది. గంటసేపు కలిపే హల్వా అయితే గుమ్మాల ఊసే రాదు. నిమిషానికో బస్తా ఖాళీ అయ్యే వంటైతే గుమ్మం దగ్గరే తొక్కిసలాట.

లెక్కలోకి వద్దాం. డీడీఆర్5-5600 ర్యామ్ ఒక ఛానెల్ మీద సెకనుకు 44.8 జీబీ తేగలదు. మెయిన్‌స్ట్రీమ్‌లో ఉన్నవి రెండు ఛానెళ్లు, అంటే 89.6 జీబీ. థ్రెడ్‌రిప్పర్ 7000 వరుసలో డీడీఆర్5-5200తో నాలుగు ఛానెళ్లకు 166.4 జీబీ. థ్రెడ్‌రిప్పర్ ప్రోలో ఎనిమిది ఛానెళ్లు, 332.8 జీబీ.

ఇక్కడ కొనేవాళ్లు తరచూ గమనించని మెలిక ఒకటుంది. మెయిన్‌స్ట్రీమ్ బోర్డు మీద ర్యామ్ స్లాట్లు నాలుగు కనిపిస్తాయి, ఛానెళ్లు మాత్రం రెండే. నాలుగు స్లాట్లూ నింపితే ఒక్కో దారి మీద రెండు ర్యామ్ కర్రలు వేలాడతాయి, సిగ్నల్ నిలకడగా ఉండటానికి వేగం తగ్గించాల్సి వస్తుంది. రైజెన్ 9 9950ఎక్స్‌కు ఏఎండీ ప్రకటించిన వేగం రెండు కర్రలతో 5600, నాలుగు కర్రలతో 3600. ర్యామ్ రెట్టింపైంది, దాని బ్యాండ్‌విడ్త్ మాత్రం 89.6 నుంచి 57.6 జీబీకి దిగింది. కాబట్టి 96 లేదా 128 జీబీ కావలసినవాళ్లు రెండే పెద్ద కర్రలు కొనుక్కోవడం మేలు.

ఇక లేన్లు. గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ, పది గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు అన్నీ పీసీఐఈ లేన్ల మీదే నడుస్తాయి. పీసీఐఈ 5.0లో ఒక్కో లేన్ సెకనుకు దాదాపు 4 జీబీ మోస్తుంది, 4.0లో దాదాపు 2 జీబీ. ఏఎం5 ప్రాసెసర్ నుంచి 28 లేన్లు వస్తాయి. 16 గ్రాఫిక్స్ కార్డుకు, 8 ఎస్ఎస్‌డీల వంటి వాటికి, మిగిలిన 4 చిప్‌సెట్‌కు. ఆ చివరి నాలుగు 4.0 వేగంతోనే నడుస్తాయి. అంటే అదనపు ఎస్ఎస్‌డీలు, సాటా డ్రైవులు, చాలా యూఎస్‌బీ పోర్టులు, నెట్‌వర్క్ అన్నీ కలిసి సెకనుకు సుమారు 8 జీబీ ఉన్న ఒకే వంతెన మీదుగా పోవాలి. బోర్డు మీద ఎస్ఎస్‌డీలు పెట్టే ఎం.2 స్లాట్లు ఐదు కనపడినంత మాత్రాన ఐదూ ఒకేసారి పూర్తి వేగంతో పరుగెత్తవు. కొన్ని బోర్డుల్లో ఒక ఫలానా స్లాట్‌లో ఎస్ఎస్‌డీ పెడితే గ్రాఫిక్స్ కార్డు 16 లేన్ల నుంచి 8కి పడిపోతుంది. ఇదంతా మదర్‌బోర్డు మాన్యువల్‌లో ఒక పట్టికగా ఉంటుంది. డబ్బు కట్టే ముందు చదవవలసిన పేజీ అది.

ఒక గ్రాఫిక్స్ కార్డు, రెండు ఎస్ఎస్‌డీలు పెట్టుకునేవాళ్లకు ఈ ఇరుకు తగలదు. రెండు మూడు గ్రాఫిక్స్ కార్డులు, నాలుగు వేగమైన ఎస్ఎస్‌డీలు, ఒక క్యాప్చర్ కార్డు పెట్టేవాళ్లకు రోజూ తగులుతుంది. థ్రెడ్‌రిప్పర్ 7000లో 5.0 లేన్లే 48 ఉంటాయి, ప్రో వరుసలో 128. మూడు కార్డులకు తలా 16 లేన్లు ఇవ్వాలంటే ఆ ఇల్లే కావాలి.

ఆదివారం, తెనాలి

మేనల్లుడి మెషీన్‌లో ఉన్నది ఎనిమిది కోర్ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, నాలుగేళ్ల కిందటి గ్రాఫిక్స్ కార్డు. టాస్క్ మేనేజర్ తెరిచి, గ్రాఫిక్స్ కార్డు పేజీలో వీడియో డీకోడ్ అనే చిన్న గ్రాఫు మీద కన్నుంచమన్నాను. ముందు పెళ్లికూతురి తమ్ముడు ఫోన్‌లో తీసిన 4కే వీడియో టైమ్‌లైన్ మీదకు లాగాడు. డీకోడ్ గ్రాఫు లేచి నిలబడింది, ప్రాసెసర్ గ్రాఫు అడుగునే పాకింది, వీడియో నూనె పోసినట్టు సాగింది. తర్వాత పెద్ద కెమెరాతో తీసిన తలంబ్రాల ముక్క పెట్టాడు. డీకోడ్ గ్రాఫు సున్నా దగ్గర గీత గీసినట్టు ఉండిపోయింది. ప్రాసెసర్ గ్రాఫు రంపపు పళ్లలా పైకీ కిందకీ ఎగిరింది. తలంబ్రాలు గాల్లోనే ఆగిపోయాయి.

“రెండూ 4కేనే కదా మామయ్యా!” అన్నాడు.

4కేనే. తేడా రంగులో ఉంది. ఫోన్ వీడియో 4:2:0 పద్ధతిలో ఉంటుంది. వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది, రంగు సమాచారం నాలుగు పిక్సెళ్లకు ఒకటి. వాడి కెమెరాలో పెట్టుకున్నది 10 బిట్ 4:2:2. అందులో రెండు పిక్సెళ్లకు ఒక రంగు. పట్టుచీర జరీ, పసుపు, కుంకుమ రంగులు సరిదిద్దేటప్పుడు అది ఎంతో అక్కరకొస్తుంది. ఆ ఫైలు హెచ్.265 పద్ధతిలో కుదించి ఉంటుంది. దాన్ని విప్పడానికి గ్రాఫిక్స్ చిప్పుల్లో ప్రత్యేకమైన సర్క్యూట్ ఉంటుంది కానీ, అది అన్ని రకాల ఫైళ్లనూ విప్పలేదు. హెచ్.265 4:2:2ను ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని అంతర్గత గ్రాఫిక్స్ 11వ తరం నుంచీ విప్పగలదు. ఎన్‌విడియా కార్డుల్లో ఆ సామర్థ్యం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుసతో మొదలైంది. వాడి మెషీన్‌లో ఈ రెండూ లేవు. అందుకే మొత్తం బరువు కోర్ల మీద పడుతోంది.

మరి 64 కోర్లుంటే ఆ బరువు తేలికవదా? కొంత అవుతుంది, పెట్టిన డబ్బుకు తగినంత కాదు. హెచ్.265లో చాలా ఫ్రేములు సొంతంగా నిలబడవు. ముందు వెనక ఫ్రేములతో పోల్చి, మారిన భాగాన్నే దాచుకుంటాయి. ఒక ఫ్రేము తయారవ్వాలంటే అది ఆధారపడ్డ ఫ్రేము ముందుగా తయారై ఉండాలి. అలాంటి గొలుసు పనిని 64 మందికి సమానంగా పంచడం కుదరదు. పైగా థ్రెడ్‌రిప్పర్‌లో అంతర్గత గ్రాఫిక్స్ లేవు. దాని ధరలో చిన్న వంతు పెట్టి కొనే మెయిన్‌స్ట్రీమ్ ప్రాసెసర్ ఈ ఒక్క పనిలో దాన్ని తేలిగ్గా దాటేస్తుంది.

పంచలేని వాటా

ఎక్కువ కోర్లుంటే ఎంత లాభమో చెప్పే లెక్కను కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్‌డాల్ 1967లోనే మన ముందుంచాడు. ఏ పనిలోనైనా పంచుకోగల భాగం కొంత, పంచలేని భాగం కొంత ఉంటాయి. మొత్తం వేగాన్ని కట్టిపడేసేది పంచలేని భాగమే. కూరలు తరగడానికి ఎంతమందినైనా పెట్టొచ్చు, గుండిగలో పప్పు ఉడికే సమయం మాత్రం అంతే.

ఒక పనిలో 90 శాతం పంచుకోగలం అనుకుందాం. 8 కోర్లతో వేగం 4.7 రెట్లు పెరుగుతుంది. 16 కోర్లతో 6.4 రెట్లు. 64 కోర్లు పెట్టినా 8.8 రెట్లే. అనంతంగా కోర్లు పోసినా పది రెట్లు దాటదు. అదే 99 శాతం పంచుకోగలిగే పనైతే 16 కోర్లతో 13.9, 64 కోర్లతో 39 రెట్లు. ఆ తొమ్మిది శాతం తేడా దగ్గరే 64 కోర్ల చిప్పు దండుగో, పండుగో తేలిపోతుంది.

దీనికి గడియార వేగం కూడా కలపాలి. రైజెన్ 9 7950ఎక్స్ 5.7 గిగాహెర్ట్జ్ దాకా వెళుతుంది. 64 కోర్ల థ్రెడ్‌రిప్పర్ 7980ఎక్స్ గరిష్ఠం 5.1. ఒకటి రెండు కోర్ల మీదే నడిచే పనుల్లో, అంటే ఫొటోషాప్‌లో బ్రష్ తిప్పడం, టైమ్‌లైన్ మీద ముక్కలు కత్తిరించడం, ఆటలు వంటివాటిలో, తక్కువ ధర చిప్పే ముందుంటుంది.

కోర్లున్నా దారులు లేకపోతే ఏమవుతుందో 2018లో వచ్చిన థ్రెడ్‌రిప్పర్ 2990డబ్ల్యూఎక్స్ కళ్లకు కట్టింది. అందులో నాలుగు సిలికాన్ ముక్కలు, 32 కోర్లు. రెండు ముక్కలకే ర్యామ్‌తో నేరుగా సంబంధం ఉండేది. మిగతా 16 కోర్లు పక్క ముక్కను అడిగి తెచ్చుకోవాలి. రెండరింగ్‌లో అది దూసుకుపోయింది, ర్యామ్ మీద ఎక్కువగా ఆధారపడే కొన్ని పనుల్లో మాత్రం అదే తరం 16 కోర్ల 2950ఎక్స్ కన్నా వెనకబడింది. 2019లో వచ్చిన మూడో తరంలో ర్యామ్, పీసీఐఈ దారులన్నీ మధ్యలో ఒకే ముక్కలోకి తెచ్చి ఏఎండీ ఆ లోటు పూడ్చింది.

ఎవరికి తప్పనిసరి?

ఇంతమాత్రాన హెచ్ఈడీటీ ఆడంబరమని కాదు. మేనల్లుడు చెప్పిన హైదరాబాద్ స్నేహితుడు సినిమాలకు వీఎఫ్ఎక్స్ చేస్తాడు. వాడికి ఆ 64 కోర్ల మెషీన్ అక్షరాలా అన్నం పెట్టే యంత్రం. ప్రాసెసర్ మీద చేసే రెండరింగ్‌లో చిత్రాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఏ గడి పని ఆ గడిదే, కాబట్టి 64 కోర్లూ విరామం లేకుండా నిండుతాయి. వరద నీరు, పొగ, కూలే గోపురం వంటి సిమ్యులేషన్లు వందల జీబీల ర్యామ్ తింటాయి.

భాషా నమూనాలను సొంత యంత్రం మీద నడిపేవాళ్ల లెక్క ఇంకా తేటగా ఉంటుంది. 40 జీబీ నమూనా ఉందనుకోండి. ప్రతి టోకెన్‌కూ, అంటే రాసే ప్రతి పదం ముక్కకూ, ఆ నమూనా మొత్తాన్ని ర్యామ్‌లోంచి ఒకసారి చదవాలి. 89.6 జీబీ దారి మీద సెకనుకు రెండు టోకెన్లకు మించి రావు. నాలుగు ఛానెళ్ల మీద నాలుగు, ఎనిమిది మీద ఎనిమిది. ఇక్కడ కోర్లు ఎన్నున్నా ఒకటే, గుమ్మాల వెడల్పే వేగం. అదే నమూనాను 24 జీబీల గ్రాఫిక్స్ కార్డులు రెండింటికి పంచితే ఇంకెంతో వేగంగా నడుస్తుంది. అలా కార్డులు పెంచుకుంటూ పోవాలంటే మళ్లీ లేన్లు కావాలి. లక్షల వరుసల కోడ్‌ను రోజుకు పదిసార్లు కంపైల్ చేసేవాళ్లు, వాతావరణ నమూనాలు, జన్యు విశ్లేషణలు నడిపే పరిశోధకులు కూడా ఈ వైపే రావాలి.

చిప్పు ధరతో ఆగదు

ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడకూడదంటారు. థ్రెడ్‌రిప్పర్ 7000కు మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ పనికిరాదు, సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్ కావాలి. నాలుగు ఛానెళ్ల లాభం రావాలంటే నాలుగు కర్రలూ ఒకేసారి కొనాలి. బోర్డు ఖరీదు ఎక్కువ, సాకెట్ పెద్దది కాబట్టి కూలరూ వేరే. 350 వాట్ల చిప్పు రోజుకు పది గంటలు పూర్తి బరువుతో నడిస్తే అదొక్కటే 3.5 యూనిట్లు కాలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు, ఏసీ, మెషీన్‌ను నిలబెట్టగల యూపీఎస్ దీని మీద అదనం. కరెంటు పోయినప్పుడు మధ్యలో ఆగిన రెండర్ మళ్లీ మొదటికొచ్చే మన ఊళ్లలో యూపీఎస్ ఖర్చును ముందే కలుపుకోవాలి.

రేపటి సంగతీ చూడాలి. 2017లో ఏఎం4 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది బయోస్ అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకోగలిగారు. మూడో తరం థ్రెడ్‌రిప్పర్ కోసం 2019లో టీఆర్ఎక్స్40 బోర్డు కొన్నవాళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. ఆ బోర్డుకు తర్వాతి తరం చిప్పు రానేలేదు. ఇవాళ సరిపడా పని ఉంటేనే హెచ్ఈడీటీ కొనాలి. ఎప్పుడో పని పెరుగుతుందని ముందే కొంటే, ఆ పని వచ్చేనాటికి ప్లాట్‌ఫామ్ పాతబడుతుంది.

పెద్ద బోర్డు కొనుక్కుని, ప్రస్తుతానికి చిన్న చిప్పు పెట్టుకుందామనే ఆలోచనా మంచిది కాదు. 2017లో ఇంటెల్ ఎక్స్299 బోర్డులకు కోర్ ఐ7-7740ఎక్స్ అనే నాలుగు కోర్ల చిప్పు ఉండేది. పెద్ద సాకెట్‌లో కూర్చున్నా దానికి రెండే ర్యామ్ ఛానెళ్లు, 16 లేన్లు. ఎనిమిది స్లాట్ల బోర్డులో సగం స్లాట్లు పనిచేయవు. దారులు తెరిచేది చిప్పే, బోర్డు కాదు.

కాబట్టి కొనే ముందు ఒక్కరోజు మీ పాత యంత్రం పక్కన కూర్చోండి. మీ అసలు పని పెట్టి, టాస్క్ మేనేజర్ చూడండి. కోర్లన్నీ చివరిదాకా నిండి గంటల తరబడి అలాగే ఉంటున్నాయా? అయితే కోర్లు పెంచండి. 16 సరిపోతే మెయిన్‌స్ట్రీమ్, చాలకపోతే పెద్దది. ర్యామ్ నిండి ఎస్ఎస్‌డీ మీదకు పొంగుతోందా? ముందు ర్యామ్ పెంచండి. 256 జీబీ దాటితే పెద్ద ప్లాట్‌ఫామ్ చూడండి. పెట్టవలసిన కార్డులు, ఎస్ఎస్‌డీల లేన్లు కూడితే 24 దాటుతున్నాయా? పెద్ద సాకెట్ గురించి ఆలోచించండి. ఒకే కోర్ నిండి మిగతావి ఊరుకున్నాయా? గడియార వేగం ఎక్కువున్న మామూలు చిప్పే మీ మందు.

మేనల్లుడి కోసం ఆ తర్వాత సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఇద్దరం కలిసి వెళ్లాం. అంతర్గత గ్రాఫిక్స్ ఉన్న ఇంటెల్ మెయిన్‌స్ట్రీమ్ ప్రాసెసర్ తీసుకున్నాం. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న మోడళ్లలో ఆ గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి, కౌంటర్ మీద పెట్టిన పెట్టెను తిప్పి ఆ అక్షరం లేదని చూసుకున్నాకే డబ్బు కట్టాం. రెండు కర్రల్లో 64 జీబీ ర్యామ్, రెండు ఎస్ఎస్‌డీలు. పాత గ్రాఫిక్స్ కార్డు అలాగే ఉంచేశాం. అప్పు చేసే అవసరం రాలేదు.

ఇంటికి తెచ్చి బిగించాక వాడు మొదట తెరిచింది ఆ తలంబ్రాల ముక్కే. డీకోడ్ గ్రాఫు లేచింది, బియ్యపు గింజలు పెళ్లికొడుకు తలపాగా మీంచి జారి పడ్డాయి. మిగిలిన డబ్బుతో రెండు పెద్ద హార్డ్‌డిస్కులు కొనిపించాను. తీసిన ప్రతి పెళ్లినీ రెండింటిలోనూ దాచి, ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో పెట్టమన్నాను. రెండర్ నెమ్మదిగా అయితే ఒక రాత్రి పోతుంది. ఆ ఫైలు పోతే ఆ కుటుంబానికి తిరిగి ఇవ్వగలిగిన కంప్యూటర్ ఏ సాకెట్‌లోనూ లేదు.